ఎగరని విమానాలు

విమానం ఎక్కడుందని ఏ పిల్లవాణ్ణి అడిగినా ఆకాశంలోకి వేలు చూపిస్తాడు. తిరుమల వెళ్ళొచ్చిన అవ్వను అడిగితే గర్భగుడి నెత్తిన బంగారు రేకుతో మెరిసే ఆనందనిలయం సంగతి చెబుతుంది. దాని మీద వెండి తోరణంలో కొలువున్న విమాన వేంకటేశ్వరుణ్ణి వెతుక్కుని దండం పెట్టుకున్న వైనమూ చెబుతుంది. ఇద్దరి మాటా ఒప్పే. పిల్లవాడి విమానం ఎగురుతుంది, అవ్వ విమానం పునాది దిగేసుకుని కూర్చుంటుంది.

ఒకే మాటకు ఇంత దూరపు అర్థాలు ఎలా కుదిరాయి? ఈ తగవు తీర్చడానికి బ్యాంకాక్ మంచి ఊరు. తెలుగునేల నుంచి ఆస్ట్రేలియాకో జపానుకో వెళ్ళేవాళ్ళు కొందరు అక్కడ విమానం మారతారు. ఒక్కోసారి రెండు విమానాల నడుమ పగలంతా ఖాళీ దొరుకుతుంది. కుర్చీల మీద కాళ్ళు చాపుకుని కునుకు తీయవచ్చు. లేదా వీసా నిబంధనలు ముందే చూసుకుని, సంచిని సామాను కౌంటర్లో అప్పగించి ఊళ్ళోకి పోవచ్చు. మాటల పిచ్చి ఉన్నవాడు ఊళ్ళోకే పోవాలి. విమానం దిగినవాడికి ఆ ఊళ్ళో విమానాలు నేలమీద కనిపిస్తాయి.

ఇలా నడిమధ్య ఆగే గంటలకు మన పాతమాట మజిలీ. అరబ్బీలో దిగడం అనే అర్థమున్న ధాతువు నుంచి మంజిల్ పుట్టింది, బాటసారి వాహనం దిగే చోటు అని. అదే మన దగ్గరికి వచ్చేసరికి మజిలీ అయి, మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలతో ఇంటింటి మాట అయింది. ఆ కథల్లో మణిసిద్ధుడు మజిలీలో విశ్రమిస్తే, గోపడు ఊరు తిరిగి ఏదో వింత చూసి వచ్చి దాని కథ చెప్పమంటాడు. పొడుగాటి విమాన మజిలీలో చేయవలసిందీ అదే. మంజిల్‌తో మళ్ళీ పని పడుతుంది, ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ముందు విమానం పుట్టుక చూద్దాం. వి ఉపసర్గ, మా ధాతువు. మా అంటే కొలవడం. విమానం అంటే కొలిచి పరిచినది, కొలత ప్రకారం ఏర్పరచినది. ఋగ్వేదంలో ఈ మాట ఆకాశాన్ని కొలవడం, కొలుస్తూ దాటడం అన్న భావంతో వస్తుంది. అక్కడ రెక్కలు లేవు, మేడలు లేవు. కొలత ఒక్కటే ఉంది.

ఈ మా ధాతువు సంతతి పెద్దది. ప్రమాణం, పరిమాణం, అనుమానం, ఉపమానం, మితం, మాత్ర అన్నీ దాని బిడ్డలే. మన ఇళ్ళలో బియ్యం కొలిచిన మానిక కూడా ఆ ఇంటి చుట్టమే. నెలల్ని కొలిచేవాడు చంద్రుడు గనక మాసాన్నీ ఇక్కడే చేరుస్తారు. గ్రీకు నుంచి బయల్దేరి మన బట్టల కొట్లదాకా వచ్చిన మీటరును కూడా భాషాశాస్త్రజ్ఞులు ఈ వంశంలోనే రాస్తారు.

అవమానం, అభిమానం, సన్మానం మాత్రం ఈ ఇంటివి కావు. అవి మన్ ధాతువు పిల్లలు, తలచడం వాటి కులవృత్తి. విమానం ఆలస్యమైనప్పుడు కౌంటర్ దగ్గర జరిగే అవమానానికీ విమానానికీ ప్రాస కుదిరింది గాని రక్తసంబంధం లేదు.

విమానానికి అసలైన తోబుట్టువు నిర్మాణం. ఉపసర్గ మారింది, ధాతువు అదే. ఇల్లు కట్టాలంటే మొదట తాడు పట్టి నేల కొలవాలి. మన మేస్త్రీలు ఇప్పటికీ ముగ్గు పోయకుండా గునపం దింపరు. కొలత నుంచి కట్టడం పుట్టడం సహజం. సంస్కృత నిఘంటువులు విమానానికి ఏడంతస్తుల మేడ అని అర్థం చెప్పడంలో వింత లేదు. అమరకోశం వ్యోమయానం అని పర్యాయపదం ఇచ్చిందే, అదీ వింత. కొలిచి కట్టిన మేడ ఆకాశంలోకి ఎలా లేచింది?

వి అంటే సంస్కృతంలో పక్షి అనీ అర్థం ఉంది. దాన్ని పట్టుకుని పక్షిని పోలినది విమానం అని విడదీసేవాళ్ళున్నారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అది ఎగరడం చూశాక రెక్కలు తగిలించిన వ్యుత్పత్తి. వైయాకరణులకు కూడా అప్పుడప్పుడు ఇలాంటి సరదాలు ఉంటాయి.

జవాబు రామాయణంలో దొరుకుతుంది. సుందరకాండలో సీతను వెతుకుతూ లంకలో దూరిన హనుమంతుడు పుష్పకాన్ని చూస్తాడు. ఎక్కడ? ఆకాశంలో కాదు, రావణుడి భవనం నడుమ. దానికి బంగారు మెట్లున్నాయి, గవాక్షాలున్నాయి, వేదికలున్నాయి. వాల్మీకి వర్ణన చదువుతుంటే ఎవరిదో రాజమందిరం తిరిగి చూస్తున్నట్టే ఉంటుంది. హనుమంతుడు మెట్లెక్కి లోపలికి పోతాడు కూడా. విశ్వకర్మ బ్రహ్మ కోసం కట్టినది, కుబేరుడికి దక్కినది, రావణుడు లాక్కున్నది ఆ పుష్పకం. అంటే అది కదిలే ఇల్లు. దేవతలు ప్రయాణాలకు బండి కట్టరు, ఇంటినే కదిలిస్తారు.

ఆ ఇంటికి ఒక నియమం కూడా ఉంది. యుద్ధకాండలో నాగపాశాలకు కట్టుబడి పడి ఉన్న రామలక్ష్మణుల్ని చూపించడానికి సీతను పుష్పకంలో తీసుకుపోతారు. ఆమె భోరుమంటుంది. పక్కనున్న త్రిజట ఓదారుస్తూ, నీ భర్త ప్రాణాలతో లేకపోతే ఈ విమానం నిన్ను మోసేదే కాదు అంటుంది. విమానం ఎక్కేముందు జరిగే తనిఖీల చరిత్ర ఎవరైనా రాస్తే మొదటి పేజీ త్రిజటకు ఇవ్వాలి.

ఎంతమంది ఎక్కినా పుష్పకంలో ఇంకొకరికి చోటుంటుందని మన పెద్దల మాట. మోకాళ్ళు ముందు సీటుకు ఆనించుకుని కూర్చున్నప్పుడల్లా అది గుర్తొస్తుంది.

సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో మాటలు లేని సినిమా ఒకటి తీశారు. పేరు పుష్పక విమానం. అందులో ఎగిరేది ఏదీ లేదు. పుష్పక్ అనే ఖరీదైన హోటలు ఉంది, అందులో మకాం వేసిన నిరుద్యోగి ఉన్నాడు. తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గాని, ఆ సినిమా విమానానికి ఇల్లు అన్న అర్థాన్ని తిరిగి ఇచ్చేసింది.

తెలుగువాడికి అసలు ఎగిరే యంత్రం కనపడ్డది ఇరవయ్యో శతాబ్దంలో. పల్లెల్లో కొందరు దాన్ని గాలిమోటారు అన్నారు. చక్కని పేరు: గాలిలో పోయే మోటారు, అంతే. కానీ పత్రికలూ పాఠ్యపుస్తకాలూ పుష్పకాన్ని తలచుకుని విమానం అన్నాయి. కొత్త వస్తువుకు పురాణంలో పేరు సిద్ధంగా ఉండగా కొత్తమాట ఎందుకనుకున్నారు. గాలిమోటారు ముసలివాళ్ళతో వెళ్ళిపోయింది.

పేరుతో ఆగిపోతే బాగుండేది. పేరు ఉంది గనక యంత్రమూ ఉండేదన్నవారు బయల్దేరారు. వైమానిక శాస్త్రం అన్న గ్రంథాన్ని 1918–1923 నడుమ సుబ్బరాయశాస్త్రి చెబుతుంటే రాశారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు 1974లో దాన్ని పరిశీలించి, అందులో చెప్పినవి ఎగిరే రకం కావని తేల్చారు. ఒక్క మాట అర్థం సరిగ్గా చూసుకోకపోతే ఇంజనీర్లకు ఎంత పని పడుతుందో చూడండి.

ఇక ఊళ్ళోకి పోదాం. బ్యాంకాక్‌లో మనం దిగే చోటు పేరు సువర్ణభూమి. 2006లో తెరిచారు. ఆ నేలకు పాత పేరు నోంగ్ ఙూ హావ్, అంటే నాగుపాముల చిత్తడి. భూమిబల్ అన్న రాజు దానికి సువర్ణభూమి అని పేరు పెట్టాడు. పాముల మడుగు బంగారు నేల కావడం సంస్కృతం చేసే మంచి పనుల్లో ఒకటి. సువర్ణభూమి బౌద్ధ జాతక కథల్లో వర్తకులు ఓడలెక్కి పోయే దేశం పేరు. ఆ దేశం మాదంటే మాదని బర్మావాళ్ళూ థాయ్‌వాళ్ళూ ఇప్పటికీ వాదించుకుంటారు. రాజుగారు విమానాశ్రయానికి పేరు పెట్టి తమ పక్షం వాదన గట్టిగా వినిపించారు.

అయితే అక్కడెవరూ సువర్ణభూమి అనరు. సువన్నఫూమ్ అంటారు. రాతలో చివరి ఇకారం ఉంది, నోటిలో లేదు. థాయ్ భాష సంస్కృతపు మాటను రాతలో భద్రంగా దాచి, పలకడంలో తోక కత్తిరిస్తుంది. పలకని అక్షరాల నెత్తిన పెట్టడానికి వాళ్ళకో గుర్తుంది. దానికి ముడిపడ్డ మాట కారన్. అది మన కారాంతమే. మనం అకారాంతం, ఇకారాంతం అని చివరి అచ్చును లెక్కపెట్టడానికి వాడే మాటను వాళ్ళు చివరిదాన్ని మూగబరచడానికి పెట్టుకున్నారు. మనదేమో అజంత భాష. బస్‌ను బస్సు అంటేనే గాని మనకు ఎక్కినట్టుండదు. వాళ్ళు విమానాన్ని విమాన్ దగ్గరే ఆపేస్తారు, మనం దానికి పూర్ణానుస్వారం కూడా తగిలించి సాగదీస్తాం.

తోక కత్తిరించాక మిగిలిన హల్లులకూ ఒక పద్ధతి ఉంది. మనకు గసడదవాదేశం ఉన్నట్టే వాళ్ళకూ ఆదేశాలున్నాయి. గకారం ఖకారం అవుతుంది, దకారం థకారం అవుతుంది, పకారం బకారం అవుతుంది, చివరి రేఫ నకారంగా వినిపిస్తుంది. నగరం నఖోన్, దేవుడు థేప్, పురి బురి, అమర అమోన్. వకారం కొన్ని మాటల్లో వకారంగానే ఉంటుంది, కొన్నిట్లో ఫకారమవుతుంది. విధి వాళ్ళకు ఫిథీ, విశేషం ఫిసేత్. విమానానికి రెండు రూపాలూ ఉన్నాయి: విమాన్, ఫిమాన్. ఈ నాలుగు సూత్రాలు జేబులో ఉంటే చాలు, ఊళ్ళో సగం బోర్డులు చుట్టాలై పలకరిస్తాయి.

విమానాశ్రయం నుంచి పట్నంలోకి రైలుంది. రైలును, బస్సును, కారును కలిపి అక్కడ రొత్ అంటారు. రాతలో చూస్తే అది అచ్చంగా రథం. రైలు రొత్ ఫై, అంటే అగ్గిరథం. మన పొగబండికి పొగ కనపడింది, వాళ్ళకు నిప్పు కనపడింది. ఆ రథం మక్కసాన్‌లో దిగి, పక్కనే ఉన్న ఫెత్చబురి స్టేషన్లో భూగర్భ రైలు ఎక్కాలి. ఫెత్ అంటే వజ్రం, మాట కూడా వజ్రమే. అంటే మనం వజ్రపురిలో బండి మారాం. దారిలో లుంఫినీ వస్తుంది, బుద్ధుడు పుట్టిన లుంబిని. తరవాత చైనావాళ్ళ పేటలో వాట్ మంగ్‌కోన్ వస్తుంది. మంగ్‌కోన్ అంటే చైనా డ్రాగన్, మాట మాత్రం మన మకరం. ఆలయాల తోరణం మీద నోరు తెరిచే జంతువు ఇక్కడ చైనా గుడికి కాపలా కాస్తోంది.

సనామ్ చై స్టేషన్లో దిగాలి. చై అంటే జయ, సనామ్ అంటే మైదానం. 2019లో తెరిచిన ఈ స్టేషన్ నుంచి పైకి వస్తే పాత నగరం. నడక దూరంలో రాజప్రాసాదం. భుజాలూ మోకాళ్ళూ కప్పుకోకపోతే లోపలికి రానివ్వరు. విమానంలో చల్లగా ఉందని తెచ్చుకున్న శాలువా, బయట ఎండ మండుతున్నా, ఇక్కడ పనికొస్తుంది.

ఇప్పటి థాయ్ రాజవంశంలో మొదటి రామరాజు 1782లో నదికి ఆ ఒడ్డున ఉన్న థోన్‌బురి నుంచి, అంటే ధనపురి నుంచి, రాజధానిని ఈ ఒడ్డుకు మార్చాడు. లోపల రాజులు నివసించడానికి కట్టుకున్న మందిరం పేరు చక్రఫత్ ఫిమాన్. సూత్రాలు గుర్తున్నవారికి ఇట్టే తెలుస్తుంది: చక్రవర్తి విమానం. పక్కనే కొలువు జరిగే అమరిన్ వినిత్చై మందిరం ఉంది. అమరేంద్ర వినిశ్చయం అన్న మాట. అందులో ఒక సింహాసనం ఉంది. పడవ ఆకారపు పీఠం, దాని మీద నాలుగు స్తంభాల మండపం, పైన కొసదేరిన శిఖరం. దాని పేరు బుసబోక్ మాలా. బుసబోక్ అంటే ఎవరో కాదు, పుష్పకం.

పుష్పకం ఇక్కడికి వచ్చి సింహాసనమై కూర్చుంది. థాయ్ భాషలో ఇలాంటి శిఖరం ఉన్న చిన్న మండపాలన్నీ బుసబోక్‌లే. ఆ ప్రాంగణంలోనే ఉన్న వాట్ ఫ్రా కెయో గుడిలో పచ్చని బుద్ధుడు ఎత్తయిన బుసబోక్ మీద ఉంటాడు. విగ్రహం రెండడుగుల పైచిలుకు, మండపం దానికి ఎన్నో రెట్లు. గుడి చుట్టూ నడవాల గోడలమీద 178 చిత్రాల్లో వాళ్ళ రామాయణం, రామకియెన్, నడుస్తుంది. దశకంఠుడు అందులో థోత్సకన్. ఆ కథలో మాత్రం బుసబోక్ ఎగురుతుంది. కథలో ఎగిరి, కొలువులో కూర్చోవడం దానికి అలవాటు.

ఈ ఊరి పేరే పెద్ద పదచర్చ. బ్యాంకాక్ అన్నది విదేశీయుల నోట నిలిచిన పాత పల్లె పేరు. ఊరివాళ్ళకు అది క్రుంగ్ థేప్, దేవనగరం. దాని పూర్తి పేరు ప్రపంచంలోకెల్లా పొడవైన ఊరి పేరుగా గిన్నిస్ పుస్తకంలో ఉంది. మొదటి రామరాజు పెట్టిన పేరులో నాలుగో రామరాజు ఒక మాట మార్చి బవర అన్నచోట అమర అన్నాడు. పేరంతా సంస్కృతం, పాళీ. మహానగరం, రత్నకోశం, అయోధ్య, నవరత్న రాజధాని, ఉత్తమ రాజనివేశనం ఇలా సాగిపోతుంది. చివరికొచ్చేసరికి అమోన్ ఫిమాన్ అవతాన్ సథిత్ అన్న తునక తగులుతుంది. అమర విమాన అవతార స్థితం. అవతరించిన దేవతలు నివసించే అమరవిమానం ఈ ఊరు అని అర్థం.

ఆ తరవాత ఇంకా ఒకటుంది. శక్రుడు ఇచ్చినది, విత్సనుకమ్ కట్టినది అంటుంది పేరు. విత్సనుకమ్ మన విశ్వకర్మే. రాతలో విశ్వ పోయి విష్ణు వచ్చి విష్ణుకర్మ అయ్యాడు. పుష్పకాన్ని కట్టిన మేస్త్రీనే ఈ నగరాన్నీ కట్టాడన్నమాట. రైట్ సోదరులు పుట్టకముందే ఒక ఊరు మొత్తం తన పేరులో విమానం అని రాసుకుంది. ఒక్క అడుగు పైకి లేవకుండానే.

దుసిత్ పేటకు పోతే, అది తుషిత స్వర్గం పేరు, అయిదో రామరాజు చులాలోంగ్‌కోర్న్ టేకుతో కట్టించిన పెద్ద మేడ ఉంది. 1901లో పూర్తయింది. పేరు విమాన్‌మేక్, విమానమేఘం. విమానం, మేఘం అని పక్కపక్కన రాస్తే తెలుగువాడు వానాకాలపు కుదుపుల్ని తలచుకుంటాడు. వాళ్ళు మబ్బుల్లోని మేడను తలచుకుంటారు. 2016లో మరమ్మతులకని దాన్ని మూశారు గనక మజిలీ సమయం అటు ఖర్చుపెట్టేముందు విచారించుకోండి.

మేడల దాకా పోనక్కర్లేదు. చాలా ఇళ్ళ ముందూ, హోటళ్ళ వాకిట్లోనూ స్తంభం మీద నిలబెట్టిన బొమ్మరిల్లంత గుడి కనిపిస్తుంది. సాన్ ఫ్రా ఫూమ్ దాని పేరు. సాన్ శాల, ఫూమ్ భూమి. ఆ నేలను కాపాడే దేవతకు కట్టిన చిన్న విమానం. పూలూ పళ్ళూ పెట్టి, ఎర్ర పానీయం సీసాలో గొట్టం వేసి మరీ ఇస్తారు.

మరి ఎగిరే విమానాన్ని వాళ్ళేమంటారు? వాడుకలో ఖ్రుయాంగ్ బిన్, ఎగిరే యంత్రం. మన గాలిమోటారు లాంటి పేరు. అధికారిక భాషలో ఆకాత్సయాన్, ఆకాశయానం. విమానాశ్రయం థా ఆకాత్సయాన్. థా అంటే పడవల రేవు. రాజప్రాసాదం పక్కన నదిమీద థా చాంగ్, ఏనుగుల రేవు, ఉంది. ఆ రేవూ విమానాల రేవూ ఒకే మాట. మనం ఆశ్రయం అన్నాం, వాళ్ళు రేవు అన్నారు. నదుల మీద బతికిన జాతి గనక.

ఇక్కడ అసలు చిక్కుముడి విడుతుంది. పాళీ బౌద్ధం వ్యాపించిన దేశాల్లో విమానం ఎగిరే యంత్రానికి పేరు కాలేదు. పాళీ త్రిపిటకంలో విమానవత్థు అని ఒక గ్రంథం ఉంది. పుణ్యం చేసుకున్నవారు పరలోకంలో ఎలాంటి మేడల్లో ఉన్నారో చెప్పే కథలు అందులో ఉంటాయి. తరతరాలుగా ఆ కథలు విన్నవారికి విమానం అంటే పుణ్యానికి ఫలంగా దొరికే ఇల్లు. ఇనుప పక్షి వచ్చినప్పుడు ఆ పేరు ఇవ్వడానికి వాళ్ళకు మనసొప్పలేదు.

సాక్ష్యాలు వరుసగా ఉన్నాయి. బర్మాలో విమానం బెయ్‌క్మాన్ అయి భవనంగా మిగిలింది. అక్కడి ప్రచురణ సంస్థ సాపే బెయ్‌క్మాన్ పేరుకు సాహిత్య విమానం అని అర్థం. ఎగిరేది వాళ్ళకు లేయిన్, గాలియానం. సింహళంలో ఎగిరేది గువన్ యానయ. కంబోడియాలో అంగ్‌కోర్ థోమ్ లోపల ఫిమియనకస్ అనే రాతి మెట్ల గుడి ఉంది, విమానాకాశం అన్నమాట. ఎగిరేదాన్ని ఖ్మేరులు యంత్రం అనే మాటతోనే పిలుస్తారు. లావోస్‌లో అది ఎగిరే పడవ. హిందీవాళ్ళ హవాయీ జహాజ్ కూడా గాలి ఓడే గనక ఈ పడవకు తోడుంది.

ఇటు చూస్తే తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం, మరాఠీ, బెంగాలీ అన్నిటా విమానమే ఎగురుతోంది. బంగ్లాదేశ్ ఎయిర్‌లైన్స్ పేరులోనే బిమాన్ ఉంది. ఈ భాషలవాళ్ళు విమానాన్ని విన్నది రామాయణంలో. రావణవధ అయ్యాక అందరూ ఎక్కి అయోధ్యకు ఎగిరిన పుష్పకం మన మనసులో నిలిచింది. రామాయణం విన్న చెవికి వాహనం, విమానవత్థు విన్న చెవికి నివాసం. సింహళం ఒక్కటి పక్కన పెడితే, సముద్రంలో గీత గీసినట్టుగా ఈ రెండు అర్థాలు బంగాళాఖాతానికి అటూ ఇటూ విడిపోయాయి.

శిల్పులు మాత్రం రెండిటినీ కలిపే ఉంచారు. ధారానగరపు భోజరాజు పేరుమీద ఉన్న పదకొండో శతాబ్దపు సమరాంగణ సూత్రధారం వాస్తుగ్రంథం. బ్రహ్మ దేవతలకోసం అయిదు ఆకాశ విమానాలు కల్పించాడనీ, వాటిని చూసి భూమ్మీద ప్రాసాదాలు కట్టారనీ చెబుతుంది. అయిదిట్లో పుష్పకం ఒకటి. తంజావూరులో రాజరాజు కట్టిన బృహదీశ్వరాలయానికి, మన తిరుమల ఆనందనిలయానికి విమానం అన్న పేరు ఇలాంటి ఊహ వల్లే నిలబడింది. గుడి అంటే కాసేపు నేలమీద ఆగిన దేవుడి ఇల్లు.

ఆగిన ఇల్లు అన్నాక మంజిల్ గుర్తుకు రావాలి. బాటసారి దిగే చోటు అన్న అర్థంతో బయల్దేరిన ఆ మాట ఉర్దూలో గమ్యం అయింది, అంతస్తు అయింది, చివరికి మేడ అయింది. హైదరాబాదు పాత ఇళ్ళ గుమ్మాల మీద ఎన్నో మంజిల్‌లు చూడవచ్చు. విమానంలో ఇల్లు కదిలి వాహనమైంది, మంజిల్‌లో మజిలీ స్థిరపడి ఇల్లయింది. రెండూ చివరికి అంతస్తుల మేడ దగ్గర కలుసుకున్నాయి.

హైదరాబాదు మెట్రోలో ఎర్రమంజిల్ అన్న స్టేషన్ ఉంది. నవాబు ఫఖ్రుల్ ముల్క్ మేడ పేరు అది. ఎర్రని గుట్ట మీద ఉంది గనక ఎర్ర అన్నారని ఒక మాట. ఇరం అంటే పార్సీ కవుల నోట స్వర్గోద్యానం గనక ఇరం మంజిల్ అని ఇంకో మాట. రెండోది తీసుకుంటే అర్థం స్వర్గపు మేడ. థాయ్‌లో దాన్ని అమోన్ ఫిమాన్ అంటారు. బ్యాంకాక్ తన పేరులో దాచుకున్నది మనకు పంజాగుట్ట దాటగానే దొరుకుతుంది.

సాయంత్రం తిరిగి సువన్నఫూమ్ చేరి తనిఖీలు దాటగానే ఎదురుగా పెద్ద శిల్పం ఉంటుంది. దేవదానవులు వాసుకిని పట్టి పాలసముద్రం చిలుకుతుంటారు. ఆ విమానాశ్రయంలోనే యక్షులు గదలు పట్టి కాపలా ఉంటారు, వాళ్ళలో థోత్సకన్ కూడా ఉన్నాడు. పుష్పకాన్ని లాక్కున్నవాణ్ణి తెచ్చి విమానాశ్రయానికి కాపలా పెట్టినవాళ్ళ హాస్యం మెచ్చుకోదగ్గది.

ఇక తీర్పు. విమానం అంటే కొలిచి కట్టిన ఇల్లు. ఎగరడం అందులో ఉండేవాడి పని. దేవుడు ఉంటే లేస్తుంది, రాజు ఉంటే కూర్చుంటుంది, యంత్రం పెడితే టిక్కెట్టు అడుగుతుంది. తెలుగు నిఘంటువులు రాసేవాళ్ళకు నాదొక మనవి: మేడ అన్న అర్థం పక్కన ప్రాచీనం అని గుర్తు పెట్టకండి. తిరుమలలో అది రోజూ ప్రదక్షిణలు అందుకుంటోంది, బ్యాంకాక్‌లో ఊరి పేరులో నివసిస్తోంది. ఆ అర్థానికి ఇంకా కాలం చెల్లలేదు.